‘నేనే చేసితిని’ అను మాట

ధ్యానమునకు: యెహోషువ 7వ అధ్యాయము, 2 సమూయేలు 1:1–16, లూకా 23:39–43



సెషన్సు కోర్టులో హత్యకేసు విచారణకు వచ్చినప్పుడు, మొదట ముద్దాయిమీద మోపిన నేరమును అతనికి చదివి వినిపించెదరు. దాని భావమును అతనికి తెలియునట్లు చెప్పి, ఈ నేరము ఒప్పుకొనుచున్నావా, లేక విచారణ కోరుచున్నావా అని జడ్జీగారు అడుగుదురు. బోనులో నిలిచినవారిలో చాలామంది ‘నేను చేయలేదు’ అనియే చెప్పుదురు. తరువాత సాక్షులు వచ్చెదరు. వకీళ్లు ప్రశ్నలు వేసెదరు. వాయిదామీద వాయిదా పడును. ఇట్లు జరుగుచుండగా ఎప్పుడో ఒకనాడు ఒక ముద్దాయి చేతులు జోడించి, ‘అయ్యా, నేనే చేసితిని’ అనును. కోర్టంతయు నిశ్శబ్దమగును.

ఆ సాయంకాలమే వార్త ఊరికి చేరును. టీకొట్టు దగ్గర ఒకడు, ‘దేవుడే వాని నోరు తెరిపించినాడు’ అనును. ఇంకొకడు, ‘అది వకీలు నేర్పిన పలుకు’ అనును. మూడవవాడు, ‘కొట్టి ఒప్పించియుందురు పాపము’ అనును. ఆ ముగ్గురిలో ఒక్కడును ముద్దాయి ముఖము చూచినవాడు కాడు.

ఈ సంగతి మన సంఘములకు దూరపు సంగతి కాదు. పొలముగట్టు తగాదాలోనో, నీళ్లవంతు తగాదాలోనో చేయి చేసికొని, ఒక ప్రాణము పోగా, నేడు జైలులో విచారణకై ఎదురుచూచుచున్న కుమారులు గల తల్లులు ఆదివారమున గుడిలో వెనుక కూర్చుండి యుందురు. ఒక్కొక్కప్పుడు చంపబడినవాని భార్యయు అదే గుడిలో ముందు కూర్చుండును. ఆరాధన ముగిసినపిమ్మట ఆ తల్లి పాస్టరుగారిని ప్రక్కకు పిలిచి, ‘అయ్యగారూ, మావాణ్ణి నిజం చెప్పెయ్యమందునా, వద్దా?’ అని అడిగినయెడల మనము ఏమి చెప్పవలెను? ‘ఒప్పుకొమ్మని చెప్పుమమ్మా, మిగిలినది దేవుడు చూచుకొనును’ అని పంపివేయుట సుళువు. మేము ఆ జవాబును అంత త్వరగా ఇయ్యజాలము. ఆ ఒక్క మాట ఎట్టి నోళ్లనుండి, ఎట్టి కారణములచేత వచ్చుచుండునో కొంత చూచి, ఆ తరువాత ఆమె ప్రశ్నకు వచ్చెదము.

అమెరికా దేశములోని చికాగో నగరమున 1924 మే 21న నేథన్ లియోపోల్డ్, రిచర్డ్ లోబ్ అను ఇద్దరు ధనవంతుల బిడ్డలు పదునాలుగేండ్ల బాలుని కారులో ఎక్కించుకొని చంపిరి. ఒకనికి 19 ఏండ్లు, మరియొకనికి 18. వారికి డబ్బు కొరత లేదు, ఆ బాలునిమీద పగయు లేదు. ఎవరికిని దొరకకుండ ఒక నేరము చేయగలమని తమ తెలివిని పరీక్షించుకొనుటకే చంపిరి. శవము దగ్గర జారిపడిన కండ్లద్దముల జత వారిని పట్టియిచ్చెను. జూన్ నెలలో కోర్టుకు తేబడినప్పుడు, తాము నిర్దోషులమని చెప్పిరి. జూలై 21న అదే కోర్టులో ఆ మాటను వెనుకకు తీసికొని, హత్యయు, డబ్బు కొరకు బాలుని ఎత్తుకొనిపోవుటయు, రెండును తామే చేసితిమని ఒప్పుకొనిరి.

ఈ నెలన్నరలో వారి మనస్సు కరిగెనా? లేదు. అది వారి వకీలు క్లారెన్స్ డారో ఆలోచన. నిర్దోషులమని నిలిచియున్నయెడల పన్నెండుగురు పౌరులు గల జూరీ ముందర విచారణ జరుగును. ఊరంతయు ఉరి ఉరి అని కేకలు వేయుచుండగా ఆ పన్నెండుగురు ఉరికే ఓటు వేయుదురు. ఒక్కొక్కడు తన పాపమును పన్నెండు భాగములు చేసికొని ఇంటికి పోయి నిద్రపోవును. నేరము ఒప్పుకొన్నయెడల జూరీ ఉండదు. శిక్ష నిర్ణయించు భారము ఒక్క జడ్జీమీద పడును. ఇద్దరు కుఱ్ఱవారిని తానొక్కడే ఉరికంబమునకు పంపుట ఏ మనుష్యునికైనను కష్టము. డారో లెక్క ఇదియే. రెండు నేరములను ఒకేసారి ఒప్పించుటలోను లెక్క ఉన్నది. ఒకదానిలో ఉరి తప్పినయెడల రెండవదానిని పట్టుకొని మరల ఉరి అడుగుటకు ప్రభుత్వపు వకీలుకు తావు లేకుండ చేసెను. డారో దేవుని ఎరుగనని చెప్పుకొనిన మనుష్యుడు. అయినను ఆగస్టు నెలలో మూడు దినములు, సుమారు పన్నెండు గంటలు, కనికరము చూపవలెనని ఆ జడ్జీయెదుట మాటలాడెను. కనికరమునుగూర్చి అంతసేపు మాటలాడగల పెద్దలు మన కమిటీలలో ఎందరున్నారో! అది వేరొక సంగతి.

సెప్టెంబరు 10న జడ్జీ జాన్ కేవర్లీ వారికి ఉరి వేయక, యావజ్జీవశిక్షయు, దానిమీద తొంబదితొమ్మిది సంవత్సరముల శిక్షయు విధించెను. ఆయన చెప్పిన కారణము మనము గమనింపతగినది. వీరు నేరము ఒప్పుకొన్నారు గనుక శిక్ష తగ్గించుటలేదనెను, ఏలయనగా ప్రభుత్వము చేతిలో రుజువు అంతయు ముందే యున్నది. వారి లేతవయస్సును చూచియే ఉరి తప్పించెను. దొరికిపోయినపిమ్మట ‘నేనే చేసితిని’ అనుట ఎంతమాత్రపు ఒప్పుకోలో ఆ జడ్జీకి తెలిసియుండెను.

లోబ్ 1936లో జైలులోనే తోటిఖైదీ చేతిలో చచ్చెను. లియోపోల్డ్ ముప్పదిమూడు సంవత్సరములు జైలులో గడిపి 1958లో పెరోలుమీద విడుదలయ్యెను. అతనిని తీసికొని పని యిచ్చుటకు ఒప్పుకొన్నది ఒక క్రైస్తవ సంఘము, చర్చ్ ఆఫ్ ది బ్రెదరన్ అనునది. అది మన ప్రాంతపు బ్రదరన్ సహవాసము కాదు; జర్మనీలో పుట్టి అమెరికాకు పోయిన మరియొక సంఘము, మన దేశమున గుజరాతులో మిషను పని చేసినది. పోర్టోరికో దీవిలో, కస్తాన్యేర్ అను కొండయూరిలో, వారి ఆసుపత్రిలో అతడు నెలకు పది డాలర్ల జీతమునకు వైద్యపరీక్షల పని చేసెను. 1971లో ఆ దీవిలోనే మృతిపొందెను. ఆ మనుష్యుని హృదయములో ఏమి జరిగెనో మేము చెప్పబోము. 1924 జూలైలో కోర్టు విన్న ఒప్పుకోలు వకీలు వేసిన ఎత్తు అని మాత్రము చెప్పగలము. ఆ కొండయూరి పేదవాని రక్తమును పరీక్షించిన చేతులును ఆ ఎత్తు వేయబడినవాని చేతులే.

ఇది ఉరి తప్పించుకొనుటకు చెప్పిన నిజము. అబద్ధపు ఒప్పుకోలు కూడ ఉన్నదని లేఖనమే చెప్పుచున్నది.

రాజైన సౌలు గిల్బోవ కొండమీద యుద్ధములో గాయపడి, తన కత్తిమీద తానే పడి చనిపోయెనని సమూయేలు మొదటి గ్రంథము చివరి అధ్యాయములో చదువుదుము. పేజీ త్రిప్పగానే ఒక అమాలేకీయుడు దావీదునొద్దకు పరుగెత్తుకొనివచ్చి, సౌలును నేనే చంపితినని చెప్పుచున్నాడు. చేతిలో సౌలు కిరీటమును కంకణమును ఉన్నవి. శత్రువు చచ్చెనన్న వార్తకు దావీదు బహుమానమిచ్చునని వాని ఆశ. చేయని హత్యను చేసితినని చెప్పుకొనెను. ఆ మాటమీదనే వాని ప్రాణము పోయెను. వాని నోరే వానిమీద సాక్ష్యము చెప్పినదని దావీదు తీర్పు చేసెను. ఈ కథను మనము ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పుదుము గాని, మనుష్యుడు చేయని హత్యను తన నెత్తిన వేసికొనగలడన్న సంగతిని అంతగా తలపోయము.

అమాలేకీయుడు బహుమానము కొరకు చెప్పెను. భయముచేత చెప్పినవారును ఉన్నారు. 1988 అక్టోబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, ఆస్టిన్ నగరములో, ఒక భోజనశాలలో పనిచేయుచున్న ఇరువదేండ్ల పడుచుతల్లి చెరపబడి, తుపాకితో కాల్చి చంపబడెను. అదే కంపెనీవారి మరియొక భోజనశాలలో పనిచేయు క్రిస్టఫర్ ఒచోవా అను 22 ఏండ్ల యువకుడును, అతనితో ఒకే ఇంట ఉండిన స్నేహితుడును, చనిపోయిన ఆమెను తలచుకొనుటకు ఆ చోటికి వచ్చిరి. అదే పోలీసుల అనుమానమునకు కారణమాయెను. ఒచోవాను గంటలకొలది ప్రశ్నించి, ఒప్పుకొననియెడల మరణశిక్ష తప్పదని చెప్పిరి. అతడు ఒప్పుకొనెను. కోర్టులోను నేరము ఒప్పుకొనెను. అంతటితో ఆగలేదు; బేరములో భాగముగా తన స్నేహితునిమీద సాక్ష్యము చెప్పెను. ఇద్దరికిని యావజ్జీవశిక్ష పడెను. ఆ స్నేహితుడు జైలులో తోటిఖైదీ చేతిలో తలమీద దెబ్బలు తిని, మెదడు చెడి, మరల మునుపటి మనిషి కాలేదు. తరువాత చూడగా ఇద్దరును నిర్దోషులు.

సోదరులారా, ప్రాణభయము ఎంత పని చేయించునో చూడుడి. తన ప్రాణము దక్కించుకొనుటకు చెప్పిన ఒక్క అబద్ధపు ‘నేనే చేసితిని’ మరియొక నిర్దోషిని నాశనము చేసెను. అసలు హంతకుడు ఎక్కడనో ఉండగా కోర్టు పుస్తకము మూయబడెను.

మన పల్లెలలో దీనికి ఇంకొక రూపమున్నది. పెండ్లి కావలసిన కుమారుని కాపాడుటకు ముసలితండ్రి నేరము తనమీద వేసికొనును. కులపెద్దలు కూర్చుండి, ఎవడు లోపలికి పోవలెనో తీర్మానించుటయు కలదు. క్రీస్తు మన దోషము భరించెను గనుక నేనును భరించుచున్నానని ఒక తండ్రి అనవచ్చును. క్రీస్తు అబద్ధమాడి భరించలేదు. మన పాపము ఎవరిదో దాచిపెట్టి భరించలేదు. తండ్రి త్యాగము వెనుక కుమారుడు రక్తపు చేతులతో పెండ్లిపీటలమీద కూర్చుండును. అతనికి పశ్చాత్తాపపు ద్వారమును మూసినవాడు ఆ తండ్రియే.

ఇప్పుడు ఆకాను సంగతి చూతము. యెరికో పట్టణములో శపితమైనదానిని ముట్టవద్దని ఆజ్ఞ యుండగా, అతడు షీనారు వస్త్రమును, వెండిని, బంగారు కమ్మిని దొంగిలించి తన గుడారములో పాతిపెట్టెను. చీట్లు వేయగా గోత్రము, వంశము, కుటుంబము, చివరకు ఆకాను పట్టుబడెను. యెహోషువ అతనిని కసరుకొనక, కుమారుడని పిలిచి, దేవునికి మహిమ చెల్లించి జరిగినది చెప్పుమని అడిగెను. ఆకాను ఏమి తీసెనో, ఎంత తీసెనో, ఎక్కడ పాతెనో లెక్కగా చెప్పెను. మనము సాధారణముగా ఇక్కడనుండి శిక్షకు దాటిపోవుదుము. మధ్యలో రెండు వచనములున్నవి. యెహోషువ దూతలను పంపగా వారు గుడారమునకు పరుగెత్తి చూచిరి. చెప్పినవన్నియు అక్కడ ఉండెను. వాటిని తెచ్చి అందరియెదుట పరచిరి. దేవుడే చీటి ద్వారా చూపించిన మనుష్యుడు, తన నోటితోనే ఒప్పుకొన్నవాడు, అయినను యెహోషువ మనుష్యులను పంపి చూపించెను. ఒప్పుకోలు దొరికినది గదా, ఇక వెదకుట ఎందుకని అనుకొనలేదు.

యూదుల పూర్వపు ధర్మశాస్త్ర పండితులు ఇంకను దూరము పోయి, మరణశిక్ష గల నేరములో మనుష్యుడు తన్నుతాను నేరస్థునిగా చేసికొన్న మాటను అసలే సాక్ష్యముగా తీసికొనరాదనిరి. మన దేశపు చట్టము అంతదూరము పోలేదు గాని జాగ్రత్త వహించినది. ముద్దాయి నేరము ఒప్పుకొన్నయెడల జడ్జీ దానిని వ్రాసికొనవలెను. దానినిబట్టి శిక్ష వేయవచ్చును, వేయకపోవచ్చును. 1973నాటి పాత నేరవిచారణ ప్రక్రియాస్మృతిలో 229వ సెక్షను ఇట్లే చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 252వ సెక్షను ఇట్లే చెప్పుచున్నది. హత్యవంటి ఘోరనేరములలో కోర్టులు సాధారణముగా ఒప్పుకోలు ఒక్కటే చాలుననక సాక్షులనుకూడ వినును. ఒప్పుకొన్నయెడల శిక్ష తగ్గించు బేరపు ఏర్పాటు 2006 నుండి మన దేశములో ఉన్నది గాని, ఏడు సంవత్సరములకు మించిన శిక్ష గల నేరములకు అది వర్తించదు. కాబట్టి హత్యకేసులో ‘ఒప్పుకో, తగ్గించెదరు’ అని ఎవడైన మీ పిల్లవానికి ఆశ చూపినయెడల, ఆ మాటకు చట్టములో ఆధారము లేదని తెలిసికొనుడి. పోలీసువారితో చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యము కాదు. మేజిస్ట్రేటు ఎదుట చెప్పగోరినయెడల, ఒప్పుకొనవలెనను నిర్బంధము నీకు లేదు, ఒప్పుకొంటే అది నీమీదికి రావచ్చును అని ఆయన ముందుగా హెచ్చరించవలెను. మనుష్యుని బలహీనతను ఈ చట్టము వ్రాసినవారు మన సంఘపెద్దలలో కొందరికంటె బాగుగా ఎరిగియున్నారని మాకు తోచుచున్నది.

2008 నవంబరు 26న బొంబాయి నగరముమీద జరిగిన దాడిలో 166 మంది చనిపోయిరి. ప్రాణముతో పట్టుబడిన అజ్మల్ కసబ్ 2009 మే నెలలో నేరమును నిరాకరించెను. జూలై 20న, సాక్షుల విచారణ సాగుచుండగా, ఒక్కసారిగా లేచి ఒప్పుకొనెను. తాను తమ పౌరుడేనని పాకిస్తాను ఒప్పుకొన్నది గనుక తానును ఒప్పుకొనుచున్నానని కారణము చెప్పెను. జడ్జీ తహలియానీ ఆ మాటను వ్రాసికొని, విచారణను మాత్రము ఆపలేదు. డిసెంబరులో కసబ్ ఆ మాటను మరల మార్చుకొనెను. 2010 మేలో శిక్ష పడునప్పటికి అతని మాట నిలిచినను పడినను సాక్ష్యము నిలిచియుండెను. ఆకాను గుడారమునకు పరుగెత్తినవారి పని ఇదియే.

మరల ఆస్టిన్ నగరపు కథకు పోవుదము, అది ముగియలేదు. ఆ హత్య చేసినవాడు ఆకిమ్ మారినో అనువాడు. వేరొక నేరమునకై టెక్సాస్ జైలులోనే ఉండెను. ఈ హత్యవిషయమై వానిని ఎవరును అనుమానింపలేదు. కేసు మూసి ఏండ్లు గడిచినవి. వానికి బదులు ఇద్దరు శిక్ష అనుభవించుచున్నారు. వాడు జైలులో క్రీస్తును నమ్మెను. 1996లో పోలీసువారికిని, ఒక వార్తాపత్రికకును ఉత్తరములు వ్రాసి, ఆ స్త్రీని నేనొక్కడనే చంపితిని, ఆ ఇద్దరును నిర్దోషులు అని తెలిపెను. అక్కడ దొంగిలించిన డబ్బుసంచులు మొదలైనవి తన తలిదండ్రుల ఇంట ఉన్నవని కూడ వ్రాసెను. గుడారములో పాతినదానిని చూపుట అన్నమాట. అయినను కదలిక రాలేదు. 1998లో ఆ రాష్ట్రపు గవర్నరుకు మరల వ్రాసెను.

ఆ ఇద్దరిలో ఒచోవా 1999లో విస్కాన్సిన్ రాష్ట్రపు లా కాలేజీవారికి సహాయము కోరుచు వ్రాసెను. వారు పట్టుపట్టి డి.ఎన్.ఎ. పరీక్ష చేయించగా మారినో మాటయే నిజమని తేలెను. ఒచోవా పన్నెండేండ్ల తరువాత, 2001 జనవరిలో బయటికి వచ్చెను. అదే లా కాలేజీలో చదివి 2006లో పట్టా పుచ్చుకొనెను. మారినోకు హత్యకేసు పెట్టబడి యావజ్జీవశిక్ష పడెను.

ఒకే హత్యకు ఇద్దరు వేర్వేరు మనుష్యులు ‘నేనే చేసితిని’ అనిరి. మొదటివాడు ఆ మాటతో తన ప్రాణము కొనుక్కొనెను. రెండవవాడు ఆ మాటతో తన ప్రాణమును బయట పెట్టెను. ఉరి పడవచ్చునని తెలిసియే వ్రాసెను. మాటలో తేడా లేదు. చెవికి రెండును ఒకటే.

సిలువ దగ్గర నిలిచి చూచినయెడల ఈ తేడా ఇంకను స్పష్టమగును. ప్రభువుతోకూడ సిలువ వేయబడిన ఇద్దరును ఆయనను నిందించిరని మత్తయియు మార్కును వ్రాసిరి. లూకా ఒక్కడు నిందించెననియు, రెండవవాడు వానిని గద్దించెననియు వ్రాసెను. ఆ రెండవవాడు మొదట నిందించి, తరువాత మారెనని పూర్వపు వ్యాఖ్యానకర్తలలో కొందరు గ్రహించిరి; మాకును అదియే సరియని తోచుచున్నది. ఉదయమున తోటివానితో కలిసి వెక్కిరించిన నోరు, ఇంకొంతసేపటికి, మనకు పడిన శిక్ష న్యాయమైనదే, ఈయన ఏ తప్పిదమును చేయలేదు అని ఒప్పుకొనెను.

ఆ మాట మార్చుటవలన వానికి కోర్టులో ఏమి కలిసివచ్చెను? ఏమియు లేదు. పిలాతు తీర్పు రద్దు కాలేదు. మేకులు ఊడలేదు. సాయంకాలమున సైనికులు వచ్చి వాని కాళ్లు విరుగగొట్టిరని యోహాను వ్రాయుచున్నాడు. పరదైసు మాట విన్న తరువాతనే ఆ కాళ్లు విరుగగొట్టబడినవి. ఒప్పుకొన్నాను గదా, ఇక నన్ను దింపుమని వాడు అడుగలేదు. మొదటివాడు అడిగినది దింపుమనియే. రెండవవాడు తన శిక్షను తనదిగా ఉంచుకొని, తన్ను జ్ఞాపకము చేసికొనుమని మాత్రము అడిగెను. నిర్దోషిని నిర్దోషియని కూడ చెప్పెను. నిజమైన ఒప్పుకోలు తన పాపమును చెప్పి ఊరకుండదు. ఇతరులమీద అన్యాయముగా పడినదానిని తీసివేయ చూచును. టెక్సాస్ జైలులోని ఆ ఖైదీ వ్రాసిన ఉత్తరములలో ఈ రెండును ఉన్నవి.

ఇక ఆ తల్లికి ఏమి చెప్పుదుము?

మొదట, అమ్మా, నీ కుమారుడు వకీలుతో మాటలాడక ముందు ఎవరితోను ఏ బేరమును ఒప్పుకొనవద్దని చెప్పుము. డబ్బు లేదందువా? జైలులోనున్నవానికి ఉచితముగా వకీలును ఇయ్యవలెనని 1987నాటి న్యాయసేవల చట్టములో ఉన్నది. జిల్లాకోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉండును. ఒక కాగితము వ్రాసియిచ్చిన చాలును. వ్రాయలేనివారికి వ్రాసిపెట్టుట సంఘ సెక్రటరీగారి పనియే అని మేము అందుము.

నీ కుమారుడు చేయనియెడల, ఎంత భయపెట్టినను చేసితినని చెప్పరాదు. అది వినయము కాదు, అబద్ధసాక్ష్యము.

చేసినవాడైనయెడల ఏమి? కొందరు విశ్వాసులకు ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నేరము ఒప్పుకొననియెడల జడ్జీముందు అబద్ధమాడినట్లు గదా అని వారు బాధపడుదురు. చట్టపు మాటను చూచినయెడల ఆ చిక్కు కొంత వీడును. జడ్జీ అడిగినప్పుడు ‘నేను చేయలేదు’ అనవలెనని ఎక్కడను లేదు. ‘విచారణ కోరుచున్నాను’ అని చెప్పవచ్చును, ఊరకుండనువచ్చును. తనమీద తానే సాక్ష్యము చెప్పునట్లు ఎవనిని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగము 20వ అధికరణములో ఉన్నది. ఊరకుండుట అబద్ధము కాదు. అంతేగాక, చేసినదంతయు హత్యయే అని చెప్పనేరము. గొడవలో కోపమున కొట్టిన ఒక్క దెబ్బకు మనిషి చనిపోవుటకును, పొంచియుండి చంపుటకును చట్టము వేర్వేరు పేర్లు, వేర్వేరు శిక్షలు పెట్టినది. పశ్చాత్తాపముతో కుమిలిపోవుచున్న పిల్లవాడు ‘అంతా నేనే, నన్ను చంపివేయుడి’ అని అనవచ్చును. అదియు సత్యము కాదు. ఆకాను చెప్పినట్లు, ఎంత తీసెనో అంతే, ఎక్కడ పాతెనో అక్కడే. ఎక్కువ చెప్పుటయు తక్కువ చెప్పుటయు రెండును తప్పుడు కొలతలే.

అయితే వకీలు చెప్పవలసినదంతయు చెప్పిన తరువాతను, శిక్ష ఎంతో తెలిసిన తరువాతను, నీ కుమారుడు, అమ్మా, నేను చెప్పివేయుదును, ఈ భారముతో బ్రతుకలేను అనినయెడల, అతనిని ఆపవద్దు. సాక్షులను కొనుటకు పొలము అమ్మవద్దు. అతడు ఆ మాట చెప్పు దినమున కోర్టుకు పోయి, అతనికి కనబడునట్లు కూర్చుండుము. పాస్టరుగారును, ఇద్దరు పెద్దలును నీతో రావలెను. బస్సు చార్జీ సంఘపు డబ్బులోనుండి ఇయ్యవచ్చును. ఇట్టిదానికి కానిది కానుకపెట్టె దేనికి?

ముందువరుసలో కూర్చున్న ఆ విధవరాలిని మరచితిమని తలంచవద్దు. విచారణ సాగిన ప్రతి వాయిదాకు ఆమె తన భర్త చావును మరల విన్నది. ‘వీడు కాదు, ఇంకెవడో’ అని వకీలు అడిగినప్పుడెల్ల, చనిపోయినవాడు ఏదో కారణము కల్పించుకొని చచ్చినట్లు ఆమెకు తోచినది. బోనులోనుండి నిజమైన ‘నేనే చేసితిని’ వచ్చిన దినమున మొదట ఆ మాట చేరవలసినది దేవుని తరువాత ఆమెకే. క్షమించుమని ఆమెను ఆ దినమే ఒత్తిడి చేయుటకు మనకు అధికారము లేదు. మన పెద్దలకు ఇది కొంచెము తొందర ఎక్కువ. సమాధానపు విందుకు అన్నము వండించుటలో మనకు మించినవారు లేరు.

ఆస్టిన్ నగరములో చంపబడిన ఆ పడుచుతల్లికి ఒక తల్లి యుండెను. పన్నెండేండ్లు ఆమె ఇద్దరు నిర్దోషులనే తన బిడ్డను చంపినవారని నమ్మెను. నిజము తెలిసినపిమ్మట, అసలు హంతకునికి మరణశిక్ష అడుగవద్దని ప్రభుత్వపు వకీలును ఆమె వేడుకొనెను. తరువాత జైలుకు పోయి వానియెదుట కూర్చుండి మాటలాడెను.